పెళ్లి బస్సులో చివరి వరుస

"సీట్లకాడ పంచాయితీ అయితదేమో. పెండ్లి బస్సు చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు కూడ దాటది," అంది దేవమ్మ. ఇంకా బస్సు మాట్లాడనేలేదు.

కూతురు నవత నవ్వింది. టికెట్ల కంపెనీలో ఆమె పని అదే. గుంపుగా బుక్ చేసుకున్నవాళ్లను విడదీయకుండా సీట్లు పంచే ప్రోగ్రాం రాస్తోంది. తమ్ముడు పృథ్వీరాజ్ పెళ్లి బస్సు మీదే దాన్ని పరీక్షిస్తోంది. జహీరాబాద్ నుంచి హుమ్నాబాద్ దాకా ప్రయాణం.

"ఎట్ల పంచుతది?"

"పెద్ద కుటుంబాలకు ముందుగాల. ఒక్కలే వచ్చేటోళ్లను మిగిలిన సందులల్ల నింపుతది. ఇగ నీ షరతులు చెప్పు."

దేవమ్మకు షరతులకేం కొదవ? సంగప్ప మామకు కిటికీ లేకపోతే వాంతులు. రోజా కడుపుతో ఉంది, టైర్ల మీది సీటు ఇస్తే ఏమవుతుందో ఏమో. మహాదేవప్పకూ జగదీశ్‌కూ పొలం గట్టు తగాదా నడుస్తోంది, దూరదూరంగా కూర్చోబెట్టాలి.

"నడుమ పోలీసోళ్లను కూసోవెట్టాల్నా?" అంది నవత, టైపు చేస్తూనే.

అన్నీ ఇమిడాయి. తెర మీద బస్సు నిండింది. ముందు వరుసల్లో పెళ్లికొడుకు, అక్క, మేనత్తలు.

దేవమ్మ తెర వైపు చూసింది. కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"ఇంకొకటుంది. మొగుడు పోయి ఏడాది తిరగని మనిషి ముందట కూసోవద్దు. ఆఖరి వరుసల పెట్టు. నేనంటలేను, పిల్లనిచ్చేటోళ్లు అంటరు. రేపు పృథ్వికి ఏమన్నయితే?"

నవత వేళ్లు ఆగాయి.

"ఎవరు?"

"నీకు తెల్వదా?"

"ప్రోగ్రాంకు తెల్వది. పేరియ్యాలె. నాగమ్మత్తనా? ఆమె మొగుడు గూడ ఈ యేడే పోయిండు గద."

"ఆమె మనుమరాండ్ల పెండ్లిళ్లు గూడ చేసింది. ఆమెనెవరేమంటరు?"

"మరెవరు? నువ్వు చెప్పు, నేను పెడత."

"జర నువ్వే అర్థం చేసుకోరాదూ."

"పేరు చెప్పమ్మా."

బయట హైవే మీద చెరకు లారీలు పోతున్నాయి. కిటికీ అద్దం అదిరి ఊరుకుంది, మళ్లీ అదిరింది. దేవమ్మ వేలికి చుట్టిన కొంగు విప్పి, మళ్లీ చుట్టింది. నవత తెర మీంచి కళ్లు తిప్పలేదు.

దేవమ్మ అంది, "నీ పేరే రాయి బిడ్డా."