ఎత్తుకెళ్లినవాడు

జాక్సన్ ఫోన్‌లోంచి తల ఎత్తేసరికి మిరియం లేదు.

ఇసుకలో బకెట్ ఉంది. సగం కట్టిన పిచ్చుకగూడు ఉంది. నాలుగేళ్ల పాప మాత్రం లేదు.

సెలవులు మొదలైనప్పటి నుంచీ పిల్లలు ఇంట్లో విసిగిపోయి ఉన్నారు. కైలాసగిరి అంటే రేపన్నాడు. జూ అంటే వచ్చే ఆదివారం అన్నాడు. మే నెల కూడా అయిపోవస్తుంటే, భార్య రోజలిన్ పోరు పడలేక ఈ సాయంత్రం అందరినీ ఆర్కే బీచ్‌కి తీసుకొచ్చాడు.

"పాపని చూస్తుండండి," అని చెప్పి రోజలిన్ కొడుకు టిమోతితో మొక్కజొన్న పొత్తులు కొనడానికి వెళ్లింది.

చూస్తూనే ఉన్నాడు. ఇంతలో కాలనీ గ్రూపులో ఎవరో వీడియో పెట్టారు. పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు ఊళ్లో తిరుగుతున్నారట.

"పాపేదండీ?"

పొత్తులతో వచ్చిన రోజలిన్ అడిగింది.

జాక్సన్ దిగ్గున లేచాడు. ముందు నీళ్ల వైపు పరిగెత్తాడు. ఎక్కడ చూసినా పిల్లలే. ఏ గౌనూ మిరియందిలా లేదు.

"నాన్నా, చెల్లి అదిగో," అన్నాడు టిమోతి.

మెడలో తువ్వాలు వేసుకున్న మనిషెవరో మిరియంని భుజానెత్తుకుని రోడ్డు వైపు గబగబా నడుస్తున్నాడు. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది.

జాక్సన్ పరిగెత్తి అతన్ని అందుకున్నాడు, పాపని లాక్కుని వెనకే వచ్చిన రోజలిన్ చేతుల్లో పెట్టాడు. వెనక్కి తిరిగి ఆ మనిషి మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లింది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నావ్ రా?"

"పోలీసోళ్ల కాడికి బాబూ. ఏడుస్తంటే..."

"దొరికిపోయాక అందరూ చెప్పేది అదే."

జనం మూగారు. ఒక కుర్రాడు అతని కాలర్ పట్టుకున్నాడు. ఇంకొకడు వీడియో తియ్యడం మొదలుపెట్టాడు.

"నా మాట ఇనండి బాబూ. మావోడు అటేపు..."

"ఇంకొకడు కూడా ఉన్నాడంట బావా," కాలర్ పట్టుకున్న కుర్రాడు జాక్సన్‌తో వరస కలిపేసి అన్నాడు. "సెప్పరా, ఎంతమందొచ్చారు మీరు?"

ఆ మాటతో తలా ఒక చెయ్యి వేశారు. ఇసుకలో కూలేశారు. ఎంత కొట్టినా ఆ మనిషి మెడ తిప్పి తిప్పి నీళ్ల వైపే చూస్తున్నాడు.

"పారిపోడానికి దారి సూత్తన్నాడు. వదలకండి," అని ఎవరో అరిచారు.

"నన్ను ఎల్లనివ్వండి బాబూ. మీ కాళ్లు పట్టుకుంటాను," అన్నాడతను.

జాక్సన్ ఇంకో రెండు వేశాడు. కొడుతున్నంతసేపూ, పాపేదని రోజలిన్ అడిగిన మాట చెవిలో వినబడకుండా ఉంది.

రోడ్డు మీద లైట్లు వెలిగాయి. అటు నుంచి మైకులో ఎవరినో పిలుస్తున్నారు, జనం గోలలో పేరు తెలియడం లేదు. నీళ్లు తాగించి, మొహం తుడిచాక మిరియం వెక్కిళ్లు తగ్గాయి.

"ఆ అంకుల్ ఏం చేశాడమ్మా నిన్ను?" అని రోజలిన్ అడిగింది.

"ఏం చెయ్యలేదు. నాన్న కనబడలేదు కదా, నేనే వెళ్లి అంకుల్ చెయ్యి పట్టుకున్నా. నాన్నని చూపిస్తానని ఎత్తుకున్నాడు."

రోజలిన్ భర్త వైపు చూసింది. జాక్సన్ చూపు తిప్పుకున్నాడు.

"వదిలెయ్యండి. పోనీండి," అన్నాడు జనంతో.

కుర్రాడు కాలర్ వదిలాడు. ఆ మనిషి లేచి, ఒంటికంటిన ఇసుకైనా దులుపుకోకుండా రోడ్డు వైపు పరిగెత్తాడు.

"తప్పు సెయ్యనోడైతే అలా పరిగెడతాడా బావా?"

ఆ మాట జాక్సన్‌కి కాస్త ఊరటగానే అనిపించింది. జనం చెదిరిపోయారు.

"నాన్నా, ఆ అంకుల్ నాకంటే ముందే ఏడుస్తున్నాడు," అంది మిరియం.

"ఎందుకమ్మా?"

"తెలీదు."

పొత్తులు చల్లారిపోయాయి. టిమోతి కూడా తినలేదు.

"వెళ్లి క్షమించమని అడగండి," అంది రోజలిన్. "ఆ మనిషి రక్తం చూశాక నాకు ముద్ద దిగదు."

మిరియంని ఎత్తుకుని జాక్సన్ రోడ్డు మీదికి వచ్చాడు. ఎంతో దూరం వెళ్లక్కర్లేకపోయింది. పోలీసుల టెంట్ ముందు ఆ మనిషి నిలబడి ఉన్నాడు.

కేసు పెట్టడానికే వచ్చాడనుకున్నాడు జాక్సన్. కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి వెళ్లిపోదామనుకున్నాడు. సిగ్గేసింది. అలాగని ముందుకీ వెళ్లలేకపోయాడు. ఐస్‌క్రీమ్ బండి పక్కన నిలబడ్డాడు.

"ఇప్పటిదాకా ఏటి సేత్తన్నావయ్యా అప్పలసూరీ?" హెడ్ కానిస్టేబుల్ కసురుకుంటున్నాడు. "బాబు తప్పిపోయాడని గుండెలు బాదుకుని సెప్పి ఎల్లావు. నువ్వెళ్లిన కాసేపటికే దొరికాడు. అప్పటి నుంచీ మైకులో నీ పేరు పిలుస్తానే ఉన్నాం. పిల్లడు ఏడ్సి ఏడ్సి సొమ్మసిల్లిపోయాడు."

కుర్చీలో పడుకున్న పిల్లాడు ఆ గొంతులకి కళ్లు తెరిచాడు. టిమోతి కంటే చిన్నవాడు. ఒంటిమీద తడి చొక్కా. వచ్చి తండ్రి కాళ్లని చుట్టేసుకున్నాడు.

అప్పలసూరి అక్కడే కూలబడిపోయాడు. కొడుకు తలా, చేతులూ, కాళ్లూ తడిమి తడిమి చూసుకున్నాడు.

"ఆ మూతేటయ్యా, రక్తం? ఎవడైనా కొట్టాడా?" అని అడిగాడు హెడ్ కానిస్టేబుల్.

అప్పలసూరి తలెత్తాడు. ఐస్‌క్రీమ్ బండి పక్కన నిలబడ్డ జాక్సన్‌నీ, అతని భుజం మీద నిద్రలోకి జారుతున్న మిరియంనీ చూశాడు.

జాక్సన్ కదల్లేదు. అతను వేలెత్తి చూపిస్తే బాగుండుననిపించింది.

అప్పలసూరి తువ్వాలుతో పెదవి తుడుచుకున్నాడు.

"మావోణ్ని ఎతుకుతంటే దారిలో ఓ పాప ఏడుస్తా కనబడింది సార్. ఆళ్ల నాన్నకి అప్పజెప్పి వచ్చేసరికి ఆలీసమైపోనాది."