జిగురు డబ్బా మూత

"డబ్బా మూత సరిగ్గా పెట్టడానికి కూడా వేరే ఒక మనిషిని పెట్టుకోవాలా నేను?"

బైండింగు షాపు యజమాని జిగురు మీద ఎండిన పొరని పుల్లతో ఎత్తి, అట్టలు అంటించే ఆమె ముఖం ముందు ఆడించాడు.

"సాయంత్రం మీరే కదా సార్ బిగించింది," అందామె నెమ్మదిగా.

"నేను బిగిస్తే అలా వదులైపోతుందా? మధ్యలో తీసి వదిలేసి ఉంటావు. ఇంకోసారి ఇలా జరిగితే ఇంటికి పోవడమే."

ఆమె ఇంకో పుల్లతో మిగిలిన పొర తీయసాగింది. అంతకంటే ఏం మాట్లాడినా లాభం లేదు.

నిరుడు కుట్టుపని చేసే ఆవిడ మణికట్టు నొప్పి అన్నందుకు, ఆ మధ్యాహ్నమే పంపించేశాడాయన. "నొప్పులున్నవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి. ఇది ఆసుపత్రి కాదు," అన్నాడు.

అట్టలామెకి నొప్పులు పలక పట్టే వయసు నుంచీ ఉన్నాయి.

ఒకరోజు మోకాలు, ఒకరోజు మణికట్టు, మరోరోజు వేళ్ళ కణుపులు. వాపుండదు, ఎరుపుండదు. రక్తం తీశారు, ఎక్స్‌రేలు తీశారు. ఏ డాక్టరూ ఇదీ అని చెప్పలేకపోయాడు.

"గిన్నెలు తోమే వేళకే వస్తాయమ్మా దీని నొప్పులు," అని అక్క దెప్పేది.

అమ్మ పాపం కొన్నాళ్ళు నూనె రాసింది. తర్వాత ఆవిడా విసిగిపోయి, "ఇక చాలించవే నాటకాలు," అంది.

ఆ రోజు నుంచి ఆమె నొప్పి మాట ఎత్తలేదు. ఇంట్లో సీసా మూతలు తీయడానికి పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి వంటింటి గూట్లో దాచుకుంది. మూత మీద అది వేసి అరచేత్తో తిప్పితే వేళ్ళ మీద బరువు పడదు. దాన్ని షాపుకి తేవాలంటే మాత్రం భయం. ఇదెందుకు అని ఎవరో ఒకరు అడగక మానరు.

అందుకే పొద్దున్నే వాచ్‌మన్ షట్టరు ఎత్తగానే అందరికంటే ముందొచ్చి, పళ్ళు బిగబట్టి, ఏడుస్తూ ఆ డబ్బా మూత తీసుకునేది.

ఈమధ్య కొంత నయం. మూత ఇట్టే తిరుగుతోంది. కొత్తగా కొన్న తైలం పనిచేస్తోందని మురిసిపోయింది.

ఇంతలోనే ఈ ఎండిన పొర గోల.

ఇదంతా ఎవరి పనో ఆమెకి అనుమానం ఉంది. కాగితాలు మడిచే పనికి కొత్తగా చేరిన పెద్దావిడ. అందరూ ఆమెని మహారాణి అంటారు. ఏ వస్తువూ చేతికివ్వదు, బల్ల మీద మోచేత్తో తోస్తుంది. పలకరిస్తే పలకదు. పైగా వచ్చిన రోజు నుంచీ అట్టలామె చేతులవైపే గుడ్లప్పగించి చూస్తుంది.

"నా చేతుల్లో ఏం కనిపిస్తోంది మీకు?" అని ఒకసారి అడిగేసింది కూడా.

"పని చూసుకో," అంది మహారాణి.

ఆ సాయంత్రం యజమాని మూత బిగించి, షట్టరు దింపడానికి బయట నిలబడ్డాడు. లైట్లు ఆర్పడం మహారాణి వంతు. అట్టలామె గొడుగు మర్చిపోయినట్టు వెనక్కి వచ్చింది.

మహారాణి వీపు తిప్పి, డబ్బా మీదికి వంగి, మూత వదులు చేస్తోంది.

"సార్, ఒకసారి లోపలికి రండి. మీ జిగురు ఎవరు ఎండబెడుతున్నారో చూద్దురుగాని."

యజమాని వచ్చాడు. మూత ముట్టుకుని చూశాడు.

"ఎందుకు తీశావు?"

మహారాణి చేతులు రెండూ కొంగు కిందకి పోయాయి. ఆమె అట్టలామె వేళ్ళవైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత యజమానివైపు తిరిగింది.

"తీశాను. అంతే."

"అంతే ఏమిటి? కారణం చెప్పు."

"కారణం లేదు."

"నా పొట్ట కొట్టాలని," అంది అట్టలామె. "నేనేం పాపం చేశాను మీకు?"

"నీకింత గొంతుందని తెలియదు," అంది మహారాణి.

"రేపట్నుంచి నువ్వు రావద్దు," అన్నాడు యజమాని.

మహారాణి తన బల్ల దగ్గర ఆగి, ఏదో సొరుగులో పెట్టి మూసింది. మోచేత్తో తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

పీడ విరగడైందనుకుని అట్టలామె ఆ రాత్రి కడుపునిండా తిని పడుకుంది.

మర్నాడు పొద్దున్నే వచ్చి మూత పట్టుకుంది. అది కదలలేదు.

కొంగు చుట్టి తిప్పింది. మోకాళ్ళ మధ్య డబ్బా ఇరికించి తిప్పింది. నొప్పి మోచేతిదాకా పాకి కళ్ళకి చీకట్లు కమ్మాయి. తైలం రాత్రి కూడా రాసుకుంది కదా, మరి ఇదేమిటి?

ఆ తర్వాత నెమ్మదిగా అర్థమైంది. ఇన్నాళ్ళూ నయమైంది చేతులు కాదు.

బయట యజమాని స్కూటరు ఆగిన చప్పుడు వినిపించింది. మూత తీయడానికి ఏదైనా దొరుకుతుందేమోనని గబగబా మహారాణి బల్ల సొరుగు లాగింది.

అందులో ఒక పాతగుడ్డ, ఆ గుడ్డలో చుట్టి, మధ్యలో అరచేతి రాపిడికి నున్నగా అరిగిపోయిన సైకిల్ ట్యూబు ముక్క ఒకటి ఉంది.