స్లావిత్సా దగ్గు

"సిగరెట్ మానేసి నెల దాటిందే!" మఫ్లర్ అల్లుతూనే గర్వంగా చెప్పాడు రాదోమిర్. "చేతులకి పనుంటే ఆ యావే రాదు."

నిష్ నగరం నుంచి తండ్రిని చూడవచ్చిన యెల్క పొంగిపోయింది. "అల్లడం ఎవరు నేర్పారు నాన్నా?"

"పక్కింటి స్లావిత్సా. పాపం, ఆవిడకి పొగ పడదు. ఒకటే దగ్గు. చూడలేకపోయాను."

కాఫీ పోస్తున్న యెల్క చెయ్యి ఆగింది. తల్లి ఈ సోఫాలోనే, ఈయన పక్కనే, దగ్గి దగ్గి పోయింది.

"అమ్మ కూడా దగ్గేది నాన్నా."

"దానికి అలవాటైపోయిందే. ఏనాడైనా మానమందా?"

"ఒకసారి అంది. చెంప పగలగొట్టావు."

రాదోమిర్ అల్లిక ఒళ్ళో పెట్టేశాడు.

"నువ్వప్పుడు నిద్రపోతున్నావనుకున్నానే," అన్నాడు.

ఈయన మరిచిపోలేదన్నమాట. కాఫీ అలాగే వదిలేసి, యెల్క కోటు తొడుక్కుంది.