మాడిన పల్లీలు

"పాలల్లో కలిపే బలం పొడి డబ్బా కొనే స్తోమత లేదు, సరే. పల్లీలు వేయించడం కూడా చేతకాదా? నా హోటల్లో అయితే నిన్ను గిన్నెలు తోమడానికి కూడా పెట్టుకునేవాణ్ణి కాదు!"

జబ్బుపడి లేచాక అన్నం చూస్తేనే మొహం తిప్పుకుంటున్న ముసలి వంటవాడు, కోడలు పల్లీలూ అరటిపండూ రుబ్బి కలిపిన పాలు ఇంకో గుక్క తాగి మరీ తిట్టాడు.

"ఇంకేం తక్కువైంది మావయ్యా?"

"బుద్ధి!"

మిగిలిందీ తాగేసి, ఖాళీ గ్లాసు పెట్టడానికి విసురుగా వంటింట్లోకి వెళ్లాడు. పళ్లెం నిండా పల్లీలు దోరగా వేగి ఉన్నాయి. పక్కన చిన్న గిన్నెలో గుప్పెడు మాత్రం నల్లగా మాడాయి.

"ఈ మాడినవెవరికి?"

"మీకే. బాగుంటే ఒక్క గుక్కతో వదిలేస్తున్నారు. వంక దొరికితేనే గ్లాసు ఖాళీ చేస్తున్నారు."

ఆయన చేతిలోని గ్లాసు చూసుకున్నాడు.

"చెడగొట్టడమూ సరిగ్గా రాదు నీకు," అన్నాడు ఈసడింపుగా. "రేపు ఇంకో గుప్పెడు మాడ్చు."