నట్టనడిమి బుడగ

"ఏవండీ, ఈ నేల మళ్ళీ వాలిందండీ!"

కేకతో పాటే గ్లాసు దొర్లిన చప్పుడూ వినిపించింది. బయట అద్దాలు తుడుస్తున్న కండక్టరు గుడ్డ అక్కడే పారేసి ఇంటిబండిలోకి ఎక్కాడు. భార్య గోడ పట్టుకుని నిలబడి ఉంది. టీ అంతా గట్టు మీద పారుతోంది.

"కాలిందా?"

"లేదు. పోస్తుంటే గ్లాసు పక్కకి జారిపోయింది. ఎటు దొర్లిందో ఏమో!"

గ్లాసు ఆమె కాలి దగ్గరే ఉంది. పాపం, కంగారు. ఆయనే తీసి గట్టు మీద పెట్టాడు.

"నా తప్పేం లేదండీ."

"నీ తప్పని ఎవరన్నారే? తప్పంతా ఆ దిక్కుమాలిన జాకీలది."

కండక్టరంటే ఇప్పుడు కాదు లెండి. బతుకంతా బస్సులో నిలబడి టికెట్లు కొట్టినవాడు, ఇకనైనా కూర్చుని ఊళ్ళు తిరుగుదామని మంచం, పొయ్యి, అలమరా అన్నీ లోపలే ఉన్న ఈ బండి కొన్నాడు. ఎక్కడ ఆపితే అక్కడే ఇల్లు. ఉద్యోగం వదిలినా చంకలో సంచి ఇరికించుకునే అలవాటు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇప్పుడు సంచి లేదు గనక గొడుగో, పేపరో, చేతికి ఏది దొరికితే అది చంకలోకి పోతుంది. ఓసారి సొరకాయ పెట్టుకుని దాని కోసమే బండంతా వెతికాడు. ఆవిడ పడీ పడీ నవ్వింది.

బండి నాలుగు మూలలా నాలుగు జాకీలున్నాయి. బయట తలుపు పక్కనున్న పెట్టెలో మీట నొక్కితే అవే దిగుతాయి. పల్లంగా ఉన్న వైపు అవే లేపి, బండిని సమం చేసి, పచ్చలైటు వెలిగిస్తాయి. మొన్నటిదాకా బంగారంలా పనిచేశాయి. బ్యాటరీ చచ్చి కొత్తది వేసినప్పుడే పట్టుకుంది ఈ ఖర్మ. పచ్చలైటు పచ్చగానే వెలుగుతుంది, బండి మాత్రం ఓ పక్కకి ఒరిగి ఉంటుంది.

ఒరిగితే ఒరిగింది, ఆయన బాధ అది కాదు. ఆవిడ పడిపోతోంది. నిన్న అలమరా మూల తగిలి నుదురు బొప్పి కట్టింది. అంతకుముందు మెట్టు తప్పింది. కుట్టుపనంటే ప్రాణం పెట్టే మనిషి, "వాలిన నేల మీద చెయ్యి కుదరట్లేదండీ" అని కుట్టుపెట్టె మూసి పైన పెట్టేసింది. రేపు నడుమే విరిగితే?

"అమ్మేద్దామే ఈ బండి," అన్నాడు.

"ఆ మాట ఎత్తారంటే ఊరుకోను. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళందర్నీ తిప్పారు. ఇప్పుడు మీ వంతు. నేల సమం చేయండి చాలు, నేనెందుకు పడతాను?"

ఆయన బయటికొచ్చి పనిముట్ల సంచిలోంచి రసమట్టం తీశాడు. తాపీమేస్త్రీల దగ్గరుండే జానెడు బద్దే. మధ్యలో గాజుగొట్టం, అందులో ఓ బుడగ. బుడగ నడిమికొస్తే నేల సమంగా ఉన్నట్టు. లోపలికి వెళ్ళబోతూ ఆగి, మెకానిక్‌కి ఫోన్ కొట్టాడు.

"బాబాయ్, సెన్సార్ మార్చాను, పంపు చూశాను. ఇంకేం మార్చమంటారు, మిమ్మల్నా?"

"నీ వెటకారం తర్వాత. మీ పిన్ని పడిపోతోందిరా అబ్బాయ్."

అవతల గొంతు మెత్తబడింది. "చూడండి బాబాయ్, ఆ పెట్టెకి సొంత బుర్ర లేదు. ఏది సమమో మనం ఒకసారి నేర్పాలి. ఆ తర్వాత కళ్ళు మూసుకుని అదే నమ్ముతుంది. బ్యాటరీ పోయినప్పుడు అంతా మర్చిపోయింది. మళ్ళీ నేర్పారా?"

"ఎన్నిసార్లని నేర్పాలిరా? రసమట్టం లోపల నేల మీద పెట్టి, నేనొచ్చి మీట నొక్కుతాను. బుడగ ఎక్కడుందో మీ పిన్ని చూసి కేకేస్తుంది."

"పోనీ మీరే చూడొచ్చుగా?"

"నాకు దగ్గరివి ఆనవు. అయినా ఆవిడ చూపు ముందు మనమెంత? మసక వెలుతుర్లో సూదిలో దారం ఎక్కించే మనిషి. ఈ కాపురంలో చేతులు నావి, కళ్ళు ఆవిడవి."

"అయితే ఆఖరిసారి నేర్పి చూడండి. అప్పటికీ వాలితే నా వల్ల కాదు బాబాయ్."

ఫోన్ జేబులో పడేసి పెట్టె దగ్గరికి నడిచాడు.

"ఏమే, కూర్చున్నావా?"

"ఆఁ, కూర్చున్నా. కానివ్వండి."

"రైట్!" అని మీట నొక్కాడు. జాకీ మూలుగుతూ లేచింది. "బుడగ ఎక్కడుంది?"

"ఎడమకుందండీ. ఇంకా ఎడమకే... పోనీండి."

"ఇప్పుడో?"

"కదులుతోంది. వస్తోంది... వస్తోంది... హోల్డాన్!"

"సరిగ్గా చూడవే తల్లీ. వెంట్రుకవాసి తేడా ఉండకూడదు."

"చూస్తూనే ఉన్నానండీ బాబూ. రెండు గీతల మధ్య ముత్యంలా కూర్చుంది."

"ఒట్టు?"

"ఎదురుగా కనిపిస్తుంటే ఒట్టెందుకండీ? నట్టనడిమిన ఉంది."

ఆ గొంతులో తొణుకూ బెణుకూ లేదు. ఆయన ప్రాణం లేచొచ్చింది. ఇదే సమమని పెట్టెకి నేర్పే మీట నొక్కాడు. పచ్చలైటు వెలిగింది. ఇక ఆవిడ పడదు. కళ్ళలో నీళ్ళు తిరిగి, ఎవరికో తెలియని దణ్ణం ఒకటి పెడదామని రెండు చేతులూ పైకెత్తాడు.

చంకలోంచి రసమట్టం కిందపడింది.