పాల వరస

యదుల్లా నేలమాళిగ మెట్ల మీద జారి పడ్డాడు.

ముంగిట్లో హౌజు నీళ్లతొట్టి పక్కన గిన్నెలు తోముకుంటున్న తూబా చెయ్యి ఆగిపోయింది. ఆ మెట్టు విరిగి ఉందని ఈ ముంగిట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు. కళ్లు మూసుకునైనా దాన్ని దాటే కాలు వేస్తారు. యుద్ధంలో ముఖం కాలిపోవచ్చు, గొంతు పోవచ్చు. కాళ్లు కూడా మరిచిపోతాయా?

యజ్ద్ ఊరి పాతబస్తీలో ఆ మట్టిగోడల ఇంట్లో కుటుంబాలు వేరు, ముంగిలి ఒకటే. పరాయి మగవాడు గుమ్మంలో "యా అల్లా" అని కేకేస్తే ఆడవాళ్లు చాదర్లు తలమీదికి లాక్కోవాలి. పొద్దస్తమానం ఆ తిప్పలు పడలేక ఆ ఇంటి ఆడవాళ్లు ఒకరి బిడ్డకు ఒకరు పాలిచ్చుకునేవాళ్లు. పాలు తాగినవాడు పాలిచ్చినామెకు కొడుకు వరస. ఆమె కూతుళ్లకు అన్న. కన్నకొడుకు ముందులాగే వాడి ముందూ ముసుగు అక్కర్లేదు. గౌహర్ కొడుకు యదుల్లాకు తూబా అలాగే పాలిచ్చింది.

వాడు యుద్ధానికి పోయాడు. ఏళ్ల తరబడి కబురు లేదు. యుద్ధఖైదీలను వదిలిన ఏడాది తిరిగొచ్చాడు. ముఖం కాలిన తోలు. మాట గుసగుస. తూబా కూతుళ్లు బెదిరి చాదర్లు కప్పుకుంటే గౌహరే కసిరింది.

"పాలు పంచుకున్న అన్న దగ్గర ముసుగేంటే? నా బిడ్డను పరాయివాణ్ణి చేస్తారా? తీయండి."

తీశారు. అప్పటినుంచి వాడు ముంగిట్లో ఉండగానే తలలు దువ్వుకుంటున్నారు, జడలు వేసుకుంటున్నారు.

గౌహర్ కళ్లకు శుక్లాలు. మనిషి నీడ తప్ప ముఖం ఆనదు. ముసలిదాన్ని మోసం చేయడం ఎంతసేపు, అనుకుంది తూబా. మరి తన పిల్లలో? ఇన్నాళ్లూ వాళ్ల తలలు చూసినవాడు ఎవడో దారినపోయేవాడా? ఈ మాట బయటికి పొక్కితే పేటలో ఆ పిల్లలు తలెత్తుకోలేరు.

మధ్యాహ్నం వాడు రొట్టెలకు వెళ్లగానే తూబా గౌహర్ గదిలోకి వెళ్లింది. ముసలామె తలంటుకుని, తెల్లజుట్టు ఆరబెట్టుకుంటోంది. తూబా తన చాదర్ పక్కన పడేసి దువ్వెన అందుకుంది. చిక్కు తీస్తూ అడిగింది.

"అక్కా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. వాడు మనవాడేనంటావా?"

గౌహర్ నవ్వింది. "నీకు పాలున్నాయి గానీ బుర్ర లేదే, తూబా. కన్నదాన్ని, నాకు తెలియదా? కళ్లు పోయాయి గానీ కడుపు పోలేదుగా."

తూబాకు ఏడుపొచ్చినంత పనయింది. ఈ మాటను ఏ నోటితో కాదనడం? తనే పొరబడిందేమో. మెట్టుదేముంది, ఎవరైనా పడతారు. మళ్లీ చిక్కు తీయసాగింది.

ముంగిట్లో అడుగుల చప్పుడయింది. తూబా చెయ్యి అలవాటుగా చాదర్ కోసం వెళ్లింది.

"మావాడేలే, రొట్టెలు తెచ్చుంటాడు," అంది గౌహర్. "నీకెందుకే ముసుగు? కూర్చో."

తూబా చెయ్యి వెనక్కి తీసుకుంది.

తలుపు తెరుచుకునేలోపే గౌహర్ తడుముకుని తన చాదర్ అందుకుని, తెల్లజుట్టు ఒక్క పోగైనా కనబడకుండా నుదుటిదాకా లాక్కుని, గడ్డం కింద గట్టిగా బిగించి పట్టుకుంది.