కొబ్బరిదుంగ అవతలికి

రోడ్డుకు అడ్డంగా కొబ్బరిదుంగ. దాని ముందు నారగోచీలు కట్టిన కుర్రాళ్లు. చేతుల్లో కత్తులు, ఎప్పటిదో పెద్దయుద్ధంలో జపానువాళ్లు వదిలేసి పోయిన తుప్పు తుపాకులు.

లారీలో ఉన్నవాళ్లంతా మలైటా దీవి వాళ్లు. పామాయిల్ తోటల్లో పని చూసుకుంటూ ఏళ్ల తరబడి ఈ గ్వాడల్‌కెనాల్ దీవిలో బతికారు. "ఈ దీవి మాది, పొద్దుగూకేలోగా మీ దీవికి పొండి" అని ఉదయం కబురొచ్చింది. పోయిన ఆదివారం ఒకే చర్చిలో పక్కపక్కన కూర్చుని పాడినవాళ్లే పంపిన కబురది. హోనియారా రేవులో ఓడ ఉంది. రేవు చేరాలంటే ఈ దుంగ దాటాలి.

"దిగండి!" అరిచాడు గుంపు నాయకుడు సాకీ. "తల్లిది ఏ ఊరో చెప్పి ఎక్కండి. మనవాడెవడైనా ఉంటే ఇక్కడే ఆగిపోతాడు."

గ్వాడల్‌కెనాల్‌లో మనిషిది తల్లి వంశం. నేల కూడా ఆ వంశానిదే. తండ్రి ఎవరైనా ఒకటే. తల్లి ఇక్కడిదేనన్న పడుచువాడొకణ్ణి భుజం తట్టి పక్కన నిలబెట్టుకున్నారు.

"మొన్నొకడు తల్లిది మలైటా అని దాచిపెట్టి మా గుంపులోనే చేరాడు," సాకీ అందరికీ వినపడేలా అన్నాడు. "ఇప్పుడు ఏట్లో మొసళ్లతో కాపురం చేస్తున్నాడు."

కుర్రాళ్లు ఘొల్లున నవ్వారు.

హెస్టా వంతు వచ్చింది. బజార్లో వక్కలమ్ముకుని బతికిన ముసలిది. గుంపులో ముఖమంతా మసి పూసుకున్న టావోవా అనే కుర్రాడు తుపాకీ కింద పెట్టి, ఆమె మూట వెతకడానికి ముందుకొచ్చాడు. వాణ్ణి చూడగానే ఆమె గుర్తుపట్టింది. వాడి నోట ఏ మాట జారుతుందోనని భయపడింది.

అందుకే తనే ముందు నోరు పారేసుకుంది. "ఏంరా, గుడ్లప్పగించి చూస్తున్నావ్? చిలగడదుంపలు తప్ప ఏమున్నాయి ఇందులో, దొంగవెధవా!"

టావోవా బిత్తరపోయాడు.

సాకీ కళ్లు చిన్నవి చేశాడు. "దీన్ని ఎరుగుదువా?"

"ఎరక్కేం?" టావోవా మూట కెలుకుతూ అన్నాడు. "పుచ్చువక్కలు అంటగట్టే ముసల్ది."

"నా వక్కలు పుచ్చా? నీ బతుకే పుచ్చురా!" అంటూ హెస్టా నేల మీదున్న వాడి తుపాకీని ఒక్క అంగలో దాటేసింది.

అందరూ కొయ్యబారిపోయారు. మగవాడి ఆయుధాన్ని ఆడది దాటితే మైలపడినట్టే. అంత అవమానం పగవాడికి తప్ప ఎవరూ చెయ్యరు.

సాకీ కత్తి ఎత్తాడు.

"ఆగన్నా! నా తుపాకీ, నా లెక్క!" టావోవా అడ్డం దూరి, ఆమె చెంప మీద ఛెళ్లున కొట్టాడు. పెదవి చిట్లింది. జబ్బ పట్టి ఈడ్చుకెళ్లి లారీలోకి తోశాడు. మూటను ఆమె మీదికి విసిరేశాడు.

"పో! మళ్లీ ఈ దీవిలో కాలు పెట్టావంటే నరికేస్తా!"

"నీ ముఖం మళ్లీ చూస్తే నా కళ్లు పోవాలి!"

సాకీ పగలబడి నవ్వి కత్తి దించాడు. మిగిలినవాళ్లూ ఎక్కాక దుంగ దొర్లించారు. లారీ కదిలింది.

పక్కనున్న ఆవిడ గుడ్డపేలికతో హెస్టా పెదవి మీది నెత్తురు తుడిచింది. "ఎంత కసాయివాడమ్మా! ఇలాంటివాణ్ణి ఏ తల్లి కన్నదో!"

హెస్టా వెనక్కి తిరగలేదు. దుంగ, దాని దగ్గరి మనుషులు దుమ్ములో కనుమరుగయ్యేదాకా పళ్లు బిగబట్టి కూర్చుంది.

"నేనే," అంది.